తొమ్మిదో నంబరు మిషన్‌లో థీసిస్

నేను రిటైరైన రోజు మా కంప్యూటర్ సెంటర్లో చిన్న సభ పెట్టారు. శాలువా కప్పారు, దండ వేశారు. మాట్లాడిన వాళ్ళలో ఒకాయన, "మన లైబ్రరీలో ఉన్న థీసిస్‌లలో సగానికి పైగా ఈయన చేతి మీదుగా వెళ్ళినవే" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ లైబ్రరీలో ఉండవలసిన ఒక థీసిస్ లేకుండా పోయింది కూడా నా చేతి మీదుగానే అని ఆ గదిలో ఎవరికీ తెలియదు. జరిగిందంతా తెలిసిన ఇద్దరిలో ఒకరు అప్పటికే చనిపోయారు. రెండో మనిషిని సభకు పిలిచే ముఖం నాకు లేదు.

కొత్తగా రీసెర్చిలో చేరిన మీలాంటి వాళ్ళు చదువుతారనే ఇది రాస్తున్నాను. నేను చేసిన పొరపాటు ఏమిటో మీకు సగంలోనే తెలిసిపోతుంది. ఇంత చిన్న విషయమా అని నవ్వొస్తుంది కూడా. నవ్వండి, తప్పులేదు. కానీ చివరిదాకా చదవండి.

అది తొంభైల చివర. తిరుపతిలో మా యూనివర్సిటీకి కంప్యూటర్ సెంటర్ వచ్చి నాలుగేళ్ళు కూడా కాలేదు. పన్నెండు మిషన్లు, రెండు ప్రింటర్లు, ఒక ఏసీ గది. వాకిట్లో స్టూలు వేసుకుని అటెండరు కూర్చునేవాడు. గుడికి వచ్చినట్టు అందరూ ఆయన దగ్గర చెప్పులు విడిచి లోపలికి రావాలి. "దుమ్ము లోపలికి పోతే మిషన్లకు జలుబు చేస్తాదంట. ఈడ ఇడిసి పొండప్పా" అనేవాడు. ఆ జలుబు మాట నేనే ఒకసారి సరదాకు చెప్పాను. ఆయన నిజమని నమ్మాడు. ఆ రోజుల్లో కంప్యూటర్ గురించి నేనేం చెప్పినా నమ్మేవాళ్ళు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

నేను పరీక్షల విభాగంలో టైపిస్టుగా చేరినవాణ్ణి. సాయంత్రాలు ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చదివితే నన్ను తెచ్చి ఈ సెంటర్లో డెప్యుటేషన్ మీద వేశారు. ఎం.ఫిల్., పి.హెచ్.డి.లో కొత్తగా చేరిన వాళ్ళకు ఆరు వారాలు కంప్యూటర్ నేర్పడం నా పని. ఆన్ చెయ్యడం, ఆపడం, టైపు చెయ్యడం, ఫైలు దాచుకోవడం, పేజీ అడుగున అధస్సూచికలు వెయ్యడం, ప్రింటు తీయడం. పాకాల, పుంగనూరు, పీలేరు వైపు పల్లెల నుంచి వచ్చిన పిల్లలు చాలామంది. మౌసును బల్ల మీద నుంచి పైకెత్తి తెరకు ఆనించిన వాళ్ళున్నారు. స్పేస్ బార్‌ను ఎంతసేపు నొక్కాలో తెలియక పేజీ మొత్తం ఖాళీలతో నింపిన వాళ్ళున్నారు. వాళ్ళ తప్పేముంది? పీజీ దాకా చదివినా ఎవరూ వాళ్ళ చేతికి ఒక మీట ఇవ్వలేదు.

నాకు ఓపిక తక్కువ. ప్రశ్నలు ఎక్కువైతే విసుగు. అందుకని ఒక కాగితం తయారు చేశాను. మొదట ఇది నొక్కండి, తరవాత ఇది నొక్కండి, ఆ తరవాత ఇది, అని పదహారు మెట్లు. జిరాక్సు తీసి అందరికీ పంచేవాణ్ణి. పిల్లలు దాన్ని ఎక్కాల్లాగా బట్టీ పట్టేవాళ్ళు. ఎందుకు నొక్కాలో అందులో ఒక్క ముక్క లేదు. నిజం చెప్పాలంటే కొన్నింటికి ఎందుకో నాకే తెలియదు.

ఆ బ్యాచిలో ఆమె చేరింది. ముప్పై ఆరేళ్ళుంటాయి. పాకాల దగ్గర పల్లెలో ఎలిమెంటరీ స్కూలు టీచరు. స్టడీ లీవు మీద తెలుగు శాఖలో పి.హెచ్.డి.కి వచ్చింది. అత్తగారిది చెరుకు పండించే కుటుంబం. మిగిలిన పిల్లలు ఆమెను అక్కా అని పిలిచేవాళ్ళు. మొదటి రోజు మౌసు చేతిలో పెడితే తిప్పి తిప్పి చూసింది.

"దీన్ని ఏమంటారు సార్?"

"మౌసమ్మా. ఎలుక."

ఆమె నవ్వింది. "ఇంటికాడ ఎలకలతో పడలేక ఈడికొస్తే ఈడా ఎలకేనా!"

ఆమె పరిశోధన బెల్లం వండేవాళ్ళ మాటల మీద. గానుగ ఆడించే దగ్గర్నుంచి అచ్చులు పోసేదాకా వాళ్ళు వాడే ప్రతి మాటకూ అర్థం, ఎక్కడ వాడతారు, ఎవరు చెప్పారు, అన్నీ. మూడేళ్ళపాటు సెలవుల్లో గానుగల దగ్గర కూర్చుని రాసుకుంది. దాదాపు తొమ్మిది వందల మాటలు. అందులో మూడొంతులు ఒకే మనిషి చెప్పినవి. వాళ్ళ పక్కూళ్ళో పాకం చూసే ముసలాయన. పెనం ముందు కూర్చుని, పొంగును చూసి, వాసన చూసి, మంట పెంచమని తగ్గించమని చెప్పేవాడట. చుట్టుపక్కల పదూళ్ళ వాళ్ళు ఆయన కోసం వచ్చేవాళ్ళట. ఆమె చివరి నోటుబుక్కు నిండిన ఏడాదే ఆయన పోయాడు.

"ఆయప్ప సచ్చిపోకముందే నేను పోయినాను గాబట్టి సరిపోయింది సార్" అని ఆమె చాలాసార్లు అనేది.

ఆరు వారాల కోర్సు అయిపోయాక కూడా ఆమె రోజూ వచ్చేది. పాకాల నుంచి పొద్దున రైలుబండికి వచ్చి, సాయంత్రం బండికి వెళ్ళేది. గోడ పక్కన తొమ్మిదో నంబరు మిషన్ ఆమెకు అలవాటైంది. వేరే మిషన్ దగ్గర కూర్చోబెడితే బెదిరిపోయేది. తెలుగు టైపు చెయ్యడానికి ఏ మీటకు ఏ అక్షరమో తెలిపే కాగితం కీబోర్డు పక్కన అంటించుకుంది. రెండు వేళ్ళతో కొట్టేది. మొదటి నెల రోజుకు ఒక పేజీ. ఆ తరవాత రెండు. ఆ తరవాత నాలుగు.

ఫైలు తెరవడం ఒక్కటీ ఆమెకు తంటాగా ఉండేది. ఫోల్డరులో ఫోల్డరు, అందులో ఇంకో ఫోల్డరు. రోజూ నన్ను పిలిచేది. ఒకరోజు విసుగు పుట్టి, అయినా మంచి చేస్తున్నాననుకునే, తెర మీదే ఆమె థీసిస్‌కు ఒక గుర్తు పెట్టి ఇచ్చాను. దాని మీద రెండుసార్లు నొక్కితే చాలు, థీసిస్ తెరుచుకుంటుంది. ఆమె ముఖం వెలిగిపోయింది.

"ఇంటికి పోయేముందు దీని మీద కుడి బటన్ నొక్కి, ఫ్లాపీకి పంపమని కొట్టండి. అప్పుడు మీ పని మీ సంచిలో ఉంటుంది" అని కూడా నేనే నేర్పాను. నా పదహారు మెట్ల కాగితం కింద పెన్నుతో పదిహేడో మెట్టుగా రాసిచ్చాను.

ఆమె ఒక్కరోజు కూడా మానలేదు. ప్రతి సాయంత్రం ఫ్లాపీ పెట్టేది, పంపేది, తీసి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకునేది. అంత శ్రద్ధగా నా మాట పాటించిన విద్యార్థి నా ఉద్యోగంలో ఇంకొకరు లేరు.

ఒకరోజు అడిగింది.

"సార్, నా పక్కనమ్మాయిది ఫ్లాపీకి ఎక్కేదానికి అర నిమిషం పడతా ఉండాది. గర గరమని శబ్దం గూడా వస్తాది. నాది నొక్కేలోపల అయిపోతా ఉండాది. నూరు పేజీలు ఇంత బిరీన ఎట్ల ఎక్కతాయి సార్?"

సరైన ప్రశ్న. ఆ గదిలో నాతో సహా ఎవరికీ తట్టని ప్రశ్న. నేను ప్రింటరులో ఇరుక్కున్న వేరే వాళ్ళ కాగితం లాగుతున్నాను. తల తిప్పకుండానే చెప్పాను.

"ఆ పిల్లది సైన్సు కదమ్మా. బొమ్మలు, పటాలు ఉంటాయి. మీవి వట్టి మాటలు. తేలిక."

"అట్లనా" అని వెళ్ళి కూర్చుంది.

ఇంకోసారి నోటుబుక్కుల మాట వచ్చింది. గానుగల దగ్గర కూర్చుని రాసినవి కాబట్టి వాటి నిండా బెల్లం జిగట. ఇంట్లో అటక మీద పెడితే చీమలు పడుతున్నాయని, ఎలుకలు కొరుకుతున్నాయని అత్తగారు గొడవ చేస్తోందట.

"అన్నీ టైపు చేసేసినారా?"

"మొన్ననే అయిపోయినాయి సార్. రెండుసార్లు సరిచూసుకున్నాను."

"ఇంక అవెందుకమ్మా? కాగితాల కాలం అయిపోయింది. ఇందులో ఉంటే చీమా పట్టదు, ఎలకా కొరకదు."

ఆమె ఆ వారమే వాటిని పాత పేపర్లు కొనేవాడికి ఇచ్చేసింది. మరుసటి రోజు వచ్చి నాకు చెప్పింది కూడా. ఇచ్చేటప్పుడు చెయ్యి రాలేదంది. నేను, మంచి పని చేశారన్నాను.

థీసిస్ దాదాపు పూర్తయింది. నూట నలభై మూడు పేజీలు. అంతా అయ్యాకే ప్రింటు తెమ్మని గైడు చెప్పడంతో అప్పటిదాకా ఒక్క పేజీ కూడా కాగితం మీదికి రాలేదు. ఇంకో రెండు నెలల్లో స్టడీ లీవు అయిపోతుంది. ఆలోపల సమర్పించాలి. అప్పుడే మా మిషన్లకు వైరస్ పట్టింది. ఎవరో బయట నుంచి తెచ్చిన ఫ్లాపీతో వచ్చింది. తెర మీద అక్షరాలు రాలిపోయేవి, మిషన్లు వాటంతటవే ఆగిపోయేవి. పైగా తనిఖీ బృందం వస్తోందని కబురు. మా డైరెక్టరు ఫిజిక్స్ ప్రొఫెసరు. మనిషి మంచివాడే. తనిఖీ అంటే మాత్రం భయం.

"పన్నెండూ తుడిచేసి కొత్తగా లోడు చెయ్యప్పా. వాళ్ళొచ్చేసరికి మిషన్లు పెళ్ళికూతుర్ల మాదిరి ఉండాల" అన్నాడు.

శని, ఆదివారాల్లో మిషన్లన్నీ ఫార్మాట్ చేస్తామని, అందరూ ముందుగా బ్యాకప్ తీసుకోవాలని ఇంగ్లీషులో నోటీసు టైపు చేసి తలుపుకు అంటించాను. ఆ బ్యాకప్ అనే మాట నా ఆరు వారాల క్లాసుల్లో ఒక్కసారి కూడా పలికినట్టు నాకు గుర్తులేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె నోటీసు చూసి నా దగ్గరకు వచ్చింది.

"సార్, బ్యాకప్ అంటే ఏమి?"

"ఇంకో కాపీ అమ్మా. మీకుండాది కదా, ఫ్లాపీలో."

"ఉండాది. అయినా మీరొకసారి సూడండి సార్. నాకు బయంగా ఉండాది."

లేచి వెళ్ళాను. ఆ మాట కూడా రాసుకోవాలి, నేను నిర్లక్ష్యంగా పొమ్మనలేదు. తొమ్మిదో నంబరు మిషన్ దగ్గర నిలబడి ఆమె ఫ్లాపీ పెట్టాను. అందులో థీసిస్ గుర్తు కనిపించింది. రెండుసార్లు నొక్కాను. థీసిస్ తెరుచుకుంది. మొదటి పేజీ, ఆమె పేరు, గైడు పేరు. చివరి పేజీకి వెళ్ళాను. నూట నలభై మూడు.

"చూసినారా? భద్రంగా ఉండాది. హాయిగా ఇంటికి పొండి."

ఆమె రెండు చేతులూ జోడించింది. సోమవారం వచ్చి ప్రింటు తీసుకుని గైడుకు ఇస్తానని చెప్పి వెళ్ళింది.

శనివారం పొద్దున తొమ్మిది గంటల నుంచి వరసగా తుడుచుకుంటూ వచ్చాను. ఆమె మిషన్ మధ్యాహ్నం భోజనం తరవాత వచ్చింది. ఒక్కో మిషన్ ఖాళీ అవుతుంటే చాలా తృప్తిగా అనిపించింది. అటెండరు తడిగుడ్డతో తెరలు తుడిచి, గుడ్డలు కప్పాడు.

సోమవారం పదిగంటలకు ఆమె వచ్చింది. కొత్త చీర కట్టుకుంది. ప్రింటు కోసం మంచి కాగితం ఒక కట్ట కూడా తెచ్చుకుంది. తొమ్మిదో నంబరు దగ్గర కూర్చుని ఫ్లాపీ పెట్టింది. రెండు నిమిషాలకు పిలిచింది.

"సార్, ఇదేందో ఎతకతా ఉండాది. తెరుసుకోలా."

వెళ్ళి చూశాను. తెర మీద టార్చిలైటు బొమ్మ అటూ ఇటూ ఊగుతోంది. ఫైలు కోసం వెతుకుతోంది. కాసేపటికి దొరకలేదని చెప్పింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ వెతికింది. అప్పుడు మొదటిసారి ఆ గుర్తు మూలలో ఉన్న చిన్న బాణాన్ని చూశాను. దాని పక్కన సైజు చూశాను. ఒక్క కేబీ. నూట నలభై మూడు పేజీలకు ఒక్క కేబీ.

మీకు ఈపాటికే అర్థమై ఉంటుంది. తెర మీద నేను పెట్టి ఇచ్చింది ఫైలు కాదు. ఫైలు ఎక్కడుందో చెప్పే చీటీ. షార్ట్‌కట్. ఏడు నెలలుగా ఆమె రోజూ ఫ్లాపీలోకి పంపుకున్నది ఆ చీటీనే. ఇంటిని సంచిలో పెట్టుకున్నాననుకుని ఇంటి అడ్రసును పెట్టుకుని తిరిగింది. శుక్రవారం నేను అదే మిషన్‌లో తెరిచాను కాబట్టి చీటీ దారి చూపింది, లోపలున్న అసలు ఫైలు తెరుచుకుంది. పక్క మిషన్‌లో తెరిచి చూసి ఉంటే ఆ క్షణమే తెలిసేది. నాలుగు అడుగుల దూరం. ఆ అసలు ఫైలునే శనివారం మధ్యాహ్నం నేను తుడిచేశాను.

ఆమె నా ముఖం చూసింది.

"యాడుండాది సార్ నా పని?"

"చూస్తానమ్మా, చూస్తాను" అన్నాను. తెలిసి కూడా మిగిలిన పదకొండు మిషన్లలో పెట్టి చూశాను. ప్రతి మిషన్ దగ్గరకూ ఆమె నా వెనకే వచ్చింది. పన్నెండోది అయ్యాక కుర్చీలో కూర్చుండిపోయింది. ఏడవలేదు. సంచిలోంచి పదిహేడు మెట్ల కాగితం తీసి, వేలు పెట్టి ఒక్కొక్కటే చదువుకుంది. తను ఎక్కడ తప్పు చేసిందో వెతుక్కుంటోంది. అది చూడలేక నేను బయటికి వచ్చేశాను.

మర్నాడే ఆ మిషన్ డిస్కు విప్పి, తువ్వాలులో చుట్టుకుని బస్సెక్కి మద్రాసు వెళ్ళాను. పోయిన ఫైళ్ళు తీసిచ్చే మనిషి ఒకడున్నాడని ఎవరో చెప్పారు. ఆయన సాయంత్రం దాకా కూర్చుని, తల అడ్డంగా ఊపాడు. తుడిచి ఊరుకుని ఉంటే కొంత దొరికేదట. దాని మీద నేను మళ్ళీ అన్నీ కొత్తగా ఎక్కించాను కదా, పాతదాని మీద కొత్తది కూర్చుందట. ముక్కలు ముక్కలుగా ఏడు పేజీలు దొరికాయి. వాటిలో కూడా అక్కడక్కడా అక్షరాలు పోయి ఖాళీ డబ్బాలు మిగిలాయి. ఆ ఏడు పేజీలు ఆమెకు ఇచ్చాను. తీసుకుని, "నా కోసరం అంత దూరం పోయినారా సార్" అంది. అంతవరకూ ఆమె నన్ను ఒక్క మాట అనలేదు.

ఆమె గైడు ఊరుకోలేదు. ఇది ఎలా జరిగిందో రాతపూర్వకంగా చెప్పమని మా డైరెక్టరుకు ఉత్తరం పంపాడు. గడువు పెంచమని అడగడానికి ఆ జవాబు కావాలి. తప్పు సెంటరుదని ఉంటే యూనివర్సిటీ ఆమెకు ఇంకో ఏడాది ఇవ్వడానికి అవకాశం ఉండేది. నేను డైరెక్టరుకు ఉన్నదంతా చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నువ్వు సెప్పిందంతా ఇదే కాగితం మీద పెడితే ఏమవతాదో తెలుసునా? వచ్చే వారం తనిఖీ. నువ్వు డెప్యుటేషన్ మీద ఉండావు. నీ పోస్టు ఫైలు ఇంకా పైన తిరగతా ఉండాది. మళ్ళీ పరీక్షల సెక్షన్‌కు పోయి టైపు మిషన్ ముందు కూసుంటావా?"

"ఆమె సంగతి సార్?"

"ఆమెకేమప్పా, టీచరుద్యోగం ఉండనే ఉండాది. నోటీసు అయితే పెట్టినాం కదా. అది అబద్ధం కాదు కదా."

జవాబు ఆయన చెబుతుంటే నేనే టైపు చేశాను. ముందుగా నోటీసు అంటించినప్పటికీ పరిశోధక విద్యార్థిని బ్యాకప్ తీసుకోలేదు. అంతే, ఒక్క వాక్యం. కింద ఇద్దరి సంతకాలు. సంతకం చేసేటప్పుడు నాకు చెయ్యి వణకలేదు. వణికిందని రాస్తే బాగుండేది. నాకప్పుడు ఇద్దరు పిల్లలు, చిన్నదానికి ఆ ఏడే స్కూలు. అవన్నీ ఇప్పుడు కారణాలుగా చెప్పుకోవచ్చు. ఆ నిమిషంలో నాకు కలిగింది గండం గడిచిందన్న ఊరట మాత్రమే.

నాలుగు రోజుల తరవాత ఆమె వచ్చింది. చెప్పులు విడిచి, తలుపు దగ్గరే నిలబడింది. లోపలికి రాలేదు. చేతిలో ఆ జవాబు జిరాక్సు ఉంది.

"సార్, నేను బ్యాకప్ తీసుకోలేదని రాసినారంట."

నేను లేచి నిలబడ్డాను.

"తీసుకున్నానే సార్. దినామూ తీసుకున్నానే. మీరు సూపించినట్లే కదా సేసినాను."

గదిలో ఆరేడుగురు టైపు చేస్తున్నారు. మీటల చప్పుడు ఆగిపోయింది. అటెండరు స్టూలు మీద నుంచి లేచాడు. అవునమ్మా, తప్పు నాది అని ఆ ఆరేడుగురి ముందూ ఒక్క మాట అంటే సరిపోయేది. వాళ్ళంతా నా విద్యార్థులు. నేను, "డైరెక్టరుగారితో మాట్లాడండమ్మా" అన్నాను.

ఆమె చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. సాయంత్రం అటెండరు తాళాలు నా బల్ల మీద పెడుతూ, "ఆయమ్మ నిన్ను దేవుడి మాదిరి సూస్తా ఉండె కదా సామీ" అన్నాడు.

రెండు ఆదివారాలు ఆగి, మూడో ఆదివారం పాకాల బండెక్కాను. అక్కడి నుంచి బస్సులో ఆమె ఊరికి వెళ్ళాను. ఆమె భర్త మజ్జిగ ఇచ్చి, చేను వైపు వెళ్ళిపోయాడు. మళ్ళీ ఊళ్ళు తిరుగుదామని, ఆమె చెబితే నేను రాస్తానని, నేనే టైపు చేసిస్తానని చెప్పాను. ఆమె వద్దనలేదు. చెప్పులు వేసుకుని బయల్దేరింది.

ముందు పక్కూరికి వెళ్ళాం, పాకం చూసే ముసలాయన ఇంటికి. ఆయన కొడుకు ఉన్నాడు. గానుగ ఆడించడం మానేసి రెండేళ్ళయిందట. చెరుకు నేరుగా ఫ్యాక్టరీకి తోలేస్తున్నాడు. పెద్ద పెనాన్ని దొడ్లో బోర్లించి, దాని కింద కోళ్ళను మూస్తున్నారు.

"అన్నా, పొంగు మొదలైనప్పుడు మీ నాయన ఒక మాట అంటా ఉండె. అది గుర్తుండాదా?" అని అడిగింది ఆమె.

"ఆయప్ప ఏందేందో అంటా ఉండె. నాకు యాడ గుర్తుండాదిమ్మా. నీకే కదా కూసోబెట్టి అన్నీ సెప్పినాడు. నువ్వే సెప్పాల."

ఆమె తల వంచుకుంది. ఆయన్ను ఇంకొన్ని అడిగింది. ఒకటి రెండు చెప్పాడు. అవి ఎలా పలకాలో ఆయనకే అనుమానం. ఇంకో రెండు గానుగల దగ్గరకు వెళ్ళాం. ఒకదాని దగ్గర పనివాళ్ళంతా తమిళం వాళ్ళు. పొద్దు వాలేసరికి నా పుస్తకంలో పదకొండు మాటలున్నాయి. ఆమె ఆ పుస్తకం తీసుకుని చదివి, నాకు తిరిగి ఇచ్చింది.

"ఇంక సాలు సార్. మీరు ఊరికే అలిసిపోవద్దండి."

"మళ్ళీ వారం వస్తానమ్మా."

"వద్దు సార్. మీరొస్తే నాకు ఆ మాటలు గుర్తు రావు. ఆ గదే గుర్తొస్తా ఉండాది."

గడువు పెంచలేదు. స్టడీ లీవు అయిపోయి ఆమె బడికి వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకు రిజిస్ట్రేషన్ రద్దయిందని గైడు ద్వారా తెలిసింది. తనిఖీ బృందం మా సెంటరును మెచ్చుకుంది. నా పోస్టు పర్మనెంటయింది.

ఆ తరవాత నేను పాఠం మార్చాను. ఆ మెట్ల కాగితాన్ని చించేశాను. ఎవరు ఫ్లాపీలో ఏం దాచుకున్నా, ఇంకో మిషన్‌లో తెరిచి నాకు చూపించాకే ఇంటికి వెళ్ళాలని నియమం పెట్టాను. ఫ్లాపీలు పోయి సీడీలొచ్చినా, సీడీలు పోయి పెన్‌డ్రైవులొచ్చినా దాన్ని సడలించలేదు. పిల్లలు నాకు చాదస్తమని నవ్వుకునేవాళ్ళు. ప్రశ్న అడిగితే పని ఆపి, తల తిప్పి, వాళ్ళ ముఖం చూసి జవాబు చెప్పడం కూడా అప్పుడే అలవాటు చేసుకున్నాను. దానివల్ల చాలామంది బాగుపడి ఉండొచ్చు. నాకు దానిలో ఊరటేమీ దొరకలేదు. ఆ బాగుపడినవాళ్ళు ఎవరూ ఆమె కారు.

డైరెక్టరు రిటైరై, రెండేళ్ళకు పోయారు. ఆ తరవాత ఒకరోజు కూర్చుని ఆమెకు ఉత్తరం రాశాను. బాణం గుర్తు గురించి, ఒక్క కేబీ గురించి, తను అడిగిన ప్రశ్నకు నేను తల తిప్పకుండా ఇచ్చిన జవాబు గురించి, ఆ వాక్యం కింద సంతకం గురించి, అన్నీ. ఇది ఎవరికైనా చూపించుకోవచ్చు, నేనే వచ్చి ఎక్కడైనా చెబుతాను అని కూడా రాశాను. బతికున్న డైరెక్టరు ఎదుట చెప్పలేని మాట, పోయాక చెప్పడంలో గొప్పేమీ లేదని నాకు తెలుసు.

నెల తరవాత జవాబు వచ్చింది. ఇన్‌లాండు లెటరు, గుండ్రటి పంతులమ్మ చేతిరాత. క్షమించానని లేదు, నిందా లేదు. బడి గురించి రెండు ముక్కలు. ఆ తరవాత ఇలా ఉంది:

"మీరు మద్రాసు నుంచి తెచ్చిచ్చిన ఏడు పేజీలు నా దగ్గరే ఉన్నాయి సార్. మూడో పేజీలో ఒక మాట పోయి దాని చోట నాలుగు డబ్బాలు పడినాయి. పక్కన అర్థం మాత్రం బాగానే ఉంది. 'పాకం దింపే ముందు పెనం మీద నురుగంతా ఒక్కసారిగా అణిగి, చప్పుడు ఆగిపోయే క్షణం' అని ఉంది. దానికి ఆ ముసలాయన ఏమన్నాడో నాకు నోటిదాకా వచ్చి ఆగిపోతా ఉంది. వేరే ఎవురికీ తెలియదంటున్నారు. ఆ మాటలో ఒత్తు పడలేదని నేను పిలిస్తే, మీరే వచ్చి మీ చేత్తో కొట్టి ఇచ్చినారు. మీకేమన్నా గుర్తుందా సార్?"

ఆ ఉత్తరం పెట్టుకుని చాలా రోజులు కూర్చున్నాను. కీబోర్డు ముందుకు వెళ్ళి, వేళ్ళకైనా గుర్తుంటుందేమోనని కళ్ళు మూసుకుని చూశాను. రోజుకు ఎంతమందికి ఎన్ని ఒత్తులు కొట్టి ఇచ్చేవాణ్ణో. ఆ మాటను నేను చదవను కూడా చదవలేదు. ఒత్తు పడిందా లేదా అని మాత్రం చూసి ఉంటాను.

గుర్తు లేదమ్మా అని ఒక కార్డు రాసి పోస్టు చేశాను. ఆ తరవాత ఆమె దగ్గర్నుంచి ఉత్తరం రాలేదు.